వేడెక్కిన పాత బైకు ఎందుకు మొరాయిస్తుంది?

1950ల నాటి ట్రయంఫ్, బీఎస్ఏ రెండు సిలిండర్ల బైకులు చాలావాటికి స్పార్క్ ఇచ్చేది బ్యాటరీ కాదు, మాగ్నెటో. కిక్ కొట్టగానే అయస్కాంత ధ్రువాల మధ్య ఆర్మేచర్ తిరుగుతుంది. దానిమీద లావు తీగ కొన్ని చుట్లు, వెంట్రుకలాంటి సన్న తీగ వేల చుట్లు ఉంటాయి. లావు తీగలో కరెంటు పారుతుండగా, దాన్ని తెంచే పాయింట్లు (కాంటాక్టులు) చటుక్కున విడిపోతాయి. ఆ తెగిన క్షణంలోనే సన్న తీగలో వేల వోల్టులు పుట్టి, ప్లగ్గు దగ్గర నిప్పురవ్వై దూకుతాయి. ఎంత అందమైన ఏర్పాటో!

మరి పొద్దున ఒక్క కిక్కుకే లేచిన బండి, వేడిమీద ఆపితే మళ్లీ లేవదేం? ముందు అనుమానించాల్సింది కండెన్సర్‌ని. అది పాడైతే నిప్పు ప్లగ్గుకు బదులు పాయింట్ల మధ్యే చిటపటలాడుతుంది. వేడికి ఆ లోపం ఇంకా ముదురుతుంది. చిక్కేమిటంటే, కండెన్సర్ ఆర్మేచర్ లోపలే దాగి ఉంటుంది. మార్చాలంటే మొత్తం విప్పాల్సిందే. బిగించాక పాయింట్ల సందు సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉందో లేదో ఫీలర్ గేజ్ పెట్టి చూస్తారు.