బుడమేరు పెట్టిన ఇంటీరియర్ పరీక్ష

2024 సెప్టెంబర్. బుడమేరు వరద బెజవాడను ముంచిన వీడియోలు మీరూ ఫోన్‌లో చూసే ఉంటారు. ఆ నీళ్లు అక్కడితో ఆగలేదు. కొల్లేరు వైపు వెళ్తూ మా నందివాడ మండలం ఊళ్లనూ చుట్టుముట్టాయి. మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు, అదీ రోజుల తరబడి!

వరద తీశాక లోపలికి వెళ్లి చూశాను. రెండేళ్ల కిందట ముచ్చటపడి చేయించిన టీవీ యూనిట్, కిచెన్ కప్‌బోర్డులు నానిన రొట్టెల్లా ఉబ్బిపోయాయి. పక్కనే నాయనమ్మ టేకు బీరువా! బురద కడిగి నీడన ఆరబెడితే తలుపు కాస్త బిగుసుకుంది, అంతే.

"నీ ఈఎంఐ ఇంకా అవ్వలేదు, చెక్క మాత్రం అయిపోయింది కదరా!" అన్నారు నాన్న.

నవ్వొచ్చింది గానీ, ఆ చెత్తను ఏం చేయాలి? పొయ్యిలో పెట్టలేం. చేపల చెరువు గట్టున పారేయలేం.

లోపల ఏముంది?

ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు అంటే చెక్క పీచునో, పొట్టునో జిగురుతో కలిపి వేడి మీద నొక్కిన పలకలు. ఆ జిగురు ఎక్కువగా యూరియా ఫార్మాల్డిహైడ్. నీళ్లలో నానితే పట్టు వదిలేస్తుంది. పొడిగా ఉన్నప్పుడు కూడా కొద్దికొద్దిగా ఫార్మాల్డిహైడ్ వాయువును గదిలోకి వదులుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే దీన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటిలో చేర్చింది. కొత్త కప్‌బోర్డు తెరవగానే ఒక్కోసారి కళ్లు మండుతాయే, దానికి ఇదీ ఓ కారణమే. ఇక కాలిస్తే విషపు పొగ. పైన లామినేట్ అతికించి ఉంటుంది కాబట్టి విడదీసి మళ్లీ వాడుకోవడమూ కష్టమే.

మూడు ప్రశ్నలు

రెండోసారి పని మొదలుపెట్టేముందు ప్రతి వస్తువుకీ మూడు ప్రశ్నలు వేశాను. ఎక్కడి నుంచి, ఎలా తయారై వచ్చింది? ఇంట్లో ఉన్నన్నాళ్లూ గాలిలోకి ఏం వదులుతుంది? పాడయ్యాక ఎటు పోతుంది?

నేల: గుజరాత్ మోర్బీ టైల్స్ వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో కాలి, లారీలెక్కి వస్తాయి. మన బేతంచెర్ల నాపరాయికి ఆ కొలిమి అక్కర్లేదు, కోసి పాలిష్ పెడితే చాలు. క్వారీ గుంతలు, రాతిపొడి దానికీ ఉన్నాయనుకోండి. అయితే మా పాత టైల్స్ వరదకు చెక్కుచెదరలేదు. బాగున్నవాటిని పీకి కొత్తవి వేస్తే ఏ రాయైనా దండగే. అందుకే వాటిని ముట్టుకోలేదు.

కిచెన్: నడుం ఎత్తు వరకు చెక్కే లేదు, కడప రాతి అరలే. పైన మాత్రం ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్. అది నీళ్లను తట్టుకుంటుంది. ఈ1, ఈ0 గ్రేడ్లు కూడా అడిగాను. సున్నాకు దగ్గరయ్యేకొద్దీ ఫార్మాల్డిహైడ్ తక్కువ. తలుపులకు మావయ్య వాళ్ల పాత ఇల్లు విప్పినప్పుడు వచ్చిన టేకు చెక్కే వాడాం. కొత్తగా చెట్టు కొట్టే పనే లేదు.

గోడలు: ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్ 1 నుంచి దేశమంతటా అమల్లో ఉంది. డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూశాను. వాసన తక్కువ ఉండే లో-వీఓసీ రంగు తీసుకున్నాను. గోడలు పూర్తిగా ఆరాకే బ్రష్ పట్టించాను. తడి గోడ మీద వేస్తే పెచ్చులూడి ఆ రంగూ చెత్తే.

వంటిల్లు ఇప్పుడు ఇన్‌స్టా రీల్‌లా లేదు. ఫ్రెండ్స్ "పాతకాలం ఇల్లులా ఉందిరా" అంటున్నారు. ఉండనీ. మా మండలానికి బుడమేరు మళ్లీ రాదని ఎవరు చెప్పగలరు? వస్తే ఈసారి కింద అరలు కడుక్కుంటే చాలు, లారీడు చెత్త మిగలదు.

మీరూ ఇంటీరియర్ చేయిస్తున్నారా? షాపతను ముందు రంగుల కేటలాగ్ తెరుస్తాడు. మీరు మాత్రం ముందు పలక మీది ముద్ర చూడండి. తర్వాతే రంగు.