బాట నడచువారు - బండి తోలువారు

పల్లె నుండి తొలిసారి నగరమునకు వచ్చిన రైతు నాలుగు రోడ్ల కూడలిలో నిలిచి, ఎప్పుడు దాటవలయునో తెలియక తికమకపడుట మనలో ననేకులకు అనుభవమే. ఎర్రదీపము వెలిగినంతనే ఒక వైపు బండ్లన్నియు ఆగును. పచ్చదీపము వెలిగిన వైపు బండ్లు కదలును. నేలపై తెల్లచారలున్న చోట జనులు బాటను దాటుదురు. ఈ కట్టుబాట్లను ఎవరు చేసిరి? ఏల చేసిరి? ఇవి నగరవాసులకు మాత్రమే సంబంధించినవా? ఈ సంగతులు తెలిసికొన్నచో, నియమములు పోలీసు జవానునకు భయపడి కాక, మన మేలు కొరకే పాటింపదగినవని బోధపడును.

మోటారునకు ముందే

మోటారు బండి వచ్చిన పిదపనే ఈ నియమములు పుట్టినవని పలువురు తలతురు. అది సరికాదు. గుర్రపు బండ్ల కాలముననే నగరములలో రాకపోకలు స్తంభించుచుండెడివి. లండను నగరములో థేమ్సు నదిపై నున్న పాత వంతెన మిక్కిలి ఇరుకైనది. బండ్లు ఎదురెదురుగా వచ్చి చిక్కుకొనుచుండగా, 1722 లో నగరాధిపతి ఒక ఉత్తరువు చేసెను. నగరములోనికి వచ్చు బండ్లు వంతెనపై పడమటి ప్రక్కను, వెలుపలికి పోవునవి తూర్పు ప్రక్కను పోవలయును. అనగా ఎవరికి వారు తమ ఎడమ ప్రక్కనే సాగవలయును. దీనిని అమలు జరుపుటకు మనుష్యులను గూడ నియమించిరి. 1835 నాటి రహదారుల చట్టము ఎడమ ప్రక్కన పోవుటను ఇంగ్లండులో శాసనము చేసెను. కాలిబాటపై బండి తోలరాదని చెప్పినదియు ఆ చట్టమే.

అమెరికాలోని న్యూయార్కు నగరములో 1867 లో తొమ్మిదేండ్ల బాలుడొకడు తల్లితో బండిలో పోవుచు దారిలో చిక్కుకొనెను. అచ్చట నున్న బండ్లు పన్నెండుకు మించవు. అయినను ఎవరు ముందు కదలవలయునో ఎవరికిని తెలియక అందరును నిలిచిపోయిరి. ఆ బాలుడు విలియం ఫెల్ప్స్ ఈనో. పెరిగి పెద్దవాడైన పిదప ఈతడు వ్రాసిన నియమములనే 1903 లో న్యూయార్కు నగరము స్వీకరించెను. మెల్లగా పోవు బండి బాట అంచుననే పోవలయును. ఆగదలచినవాడు చేతిని గాని కొరడాను గాని నిలువుగా ఎత్తి వెనుకవానికి తెలుపవలయును. బండ్లు ఎక్కువగుటచేత గాక, క్రమము లేకుండుటచేతనే దారి మూసుకొని పోవునని ఈనో గ్రహించెను. మన జాతరలలో, సంతలలో బండ్లు చిక్కుకొనినప్పుడు మనము చూచునదియు ఇదియే.

ఎర్రజెండా, ఎర్రదీపము

ఆవిరి యంత్రముతో నడచు బండ్లు బాట మీదికి వచ్చినప్పుడు ఇంగ్లండు ప్రజలు బెదరిరి. 1865 లో చేసిన చట్టము ప్రకారము అట్టి బండి పల్లెబాటలలో గంటకు 4 మైళ్లు, ఊళ్లలో 2 మైళ్లు మించి పోరాదు. దానికి 60 గజముల ముందు ఒక మనుష్యుడు ఎర్రజెండా పట్టుకొని నడువవలయును. మనుష్యుని నడక కంటె మెల్లగా పోవు యంత్రమును తలచుకొన్నచో నేడు మనకు నవ్వు వచ్చును. 1896 లో తేలికపాటి బండ్లకు ఈ కట్టడి తొలగించి, గంటకు 14 మైళ్ల హద్దు పెట్టిరి. అదే సంవత్సరము ఆగస్టు 17 న లండనులో బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అను గృహిణి మోటారు బండి తగిలి మరణించెను. ఆ దేశమున మోటారు బండి క్రిందపడి మరణించిన తొలి పాదచారిగా ఆమెను చెప్పుదురు. ఆ బండి నడక వేగమునకు మించి పోవుట లేదని దానిని నడిపినవాడు చెప్పెను. వేగము స్వల్పమైనను, చూపు తప్పినచో ప్రాణము పోవునని ఆనాడే తెలియవచ్చినది.

కూడలిలో దీపము పెట్టు ఆలోచన రైలు మార్గము నుండి వచ్చినది. రైల్వే ఇంజనీరగు జాన్ పీక్ నైట్ సలహాపై 1868 డిసెంబరులో లండను పార్లమెంటు భవనముల చెంత ఒక స్తంభము నాటిరి. పగలు రైలు కైకాటివలె రెక్కలు, రాత్రి గ్యాసుతో వెలుగు ఎర్ర, పచ్చ దీపములు దానికుండెను. నెల తిరుగకముందే గ్యాసు ప్రేలి దానిని త్రిప్పుచున్న పోలీసు గాయపడెను. విద్యుద్దీపములు వచ్చువరకు ఆ ఆలోచన మూలబడెను. 1914 ఆగస్టు 5 న అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున ఎర్ర, పచ్చ విద్యుద్దీపములు వెలిగినవి. 1920 లో డెట్రాయిటు నగరమున వీనికి పసుపు దీపము తోడై, మూడు రంగుల పద్ధతి ఏర్పడినది.

పల్లెవానిపై నింద

పూర్వము బాట అందరిదిగ నుండెను. పిల్లలు అచ్చటనే ఆడుకొనిరి. బేరగాండ్రు అచ్చటనే అమ్మిరి. మోటార్లు పెరిగిన కొలది మరణములు పెరిగినవి. 1923 లో అమెరికాలోని సిన్సినాటి నగరమున 42,000 మంది సంతకములు చేసి, గంటకు 25 మైళ్లు మించి పోకుండ ప్రతి మోటారులోను యంత్రమును బిగింపవలయునని కోరిరి. మోటారు వర్తకులు గట్టిగా ఎదిరింపగా ఆ కోరిక ఓటింగులో వీగిపోయెను. ఆ దినములలోనే బాటకు అడ్డముగా నడచువానిని ‘జేవాకర్’ అని ఎగతాళి చేయుట అమెరికాలో వ్యాపించెను. ‘జే’ అనగా నగరపు రీతి తెలియని పల్లెటూరివాడు. తప్పెవరిదైనను నింద కాలినడకవాని మీదికి, అందును పల్లెవాని మీదికి త్రోయుటకు ఈ మాట పనికివచ్చెను.

ఈ సంగతిని పల్లెవారమగు మనము మరువరాదు. నియమము నడచువానికెంతయో నడుపువానికిని అంతయే. బలముగల బండిని నడుపువాని బాధ్యత మరింత యెక్కువ. ఈ న్యాయమే తరువాతి కాలమున చట్టములలో చోటుచేసికొనెను. ఇంగ్లండులో 1935 నుండి జనావాసములలో గంటకు 30 మైళ్ల హద్దు ఏర్పడినది. 1951 లో నలుపు తెలుపు చారల దాటుచోట్లు వచ్చినవి. అచ్చట కాలు మోపినవానికి బండి దారి ఇయ్యవలయును.

మన దేశములో

మన దేశమంతటికి వర్తించు తొలి మోటారు వాహనముల చట్టము 1914 లోను, తరువాతిది 1939 లోను వచ్చినవి. నేడు అమలులో నున్నది 1988 నాటి చట్టము. దానిని 2019 లో సవరించిరి. మైనరు పిల్లవాడు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకునకు మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధింపవచ్చునని ఆ సవరణ చెప్పుచున్నది. ప్రమాదములో గాయపడినవానికి మంచి మనసుతో సాయపడినవారిని కేసులలో ఇరికింపరాదని గూడ అందే కలదు. కావున గాయపడినవానిని చూచి భయపడి తొలగిపోవలదు. 108 కు ఫోను చేయుడు.

వేగము లెక్క

గంటకు 48 కిలోమీటర్ల వేగమున పోవు కారు, అపాయము చూచిన క్షణము నుండి పూర్తిగా ఆగువరకు సుమారు 23 మీటర్లు పోవును. 96 కిలోమీటర్ల వేగమున నైనచో 73 మీటర్లు పోవును. వేగము రెట్టింపైనచో బ్రేకు పట్టిన పిదప పోవు దూరము నాలుగు రెట్లగును; తడి బాటపై ఇంకను పెరుగును. పగ్గము లాగిన ఎద్దు నిలిచినట్లు మోటారు నిలువదు. “వాడే ఆపును లే” అని దాటువారు ఈ లెక్కను గుర్తుంచుకొనవలయును.

మన ఊరి బాట

నగరపు కూడలిలో పుట్టిన నియమములు నేడు మన ఊరి ముంగిటికే వచ్చినవి. పెద్ద రహదారులు గ్రామముల నడుమనుండి సాగుచున్నవి. కాలిబాట లేని చోట ఎదురుగా వచ్చు బండ్లు కనబడునట్లు కుడి ప్రక్కన నడువుడు. దాటునప్పుడు మొదట కుడి వైపు, పిదప ఎడమ వైపు, మరల కుడి వైపు చూడుడు. ఆగియున్న బస్సు ముందునుండి దాటవలదు. రాత్రివేళ ఎడ్లబండికి, ట్రాక్టరునకు వెనుక ఎర్రదీపము గాని, వెలుగు పడిన మెరయు బిళ్ల గాని ఉండవలయును. డాంబరు బాటపై వడ్లు, మొక్కజొన్నలు ఆరబోసి చుట్టును రాళ్లు పేర్చుట మన ప్రాంతములలో కలదు. చీకటిలో ఆ రాయి తగిలి పడువాడు మన ఊరి కుర్రవాడే కావచ్చును. పంచాయతీలు కల్లములకు వేరు చోటు చూపుట ఇందుకు సరియైన మార్గము.

పన్నెండు బండ్ల నడుమ చిక్కుకొనిన బాలుడు గ్రహించినది మనమును గ్రహింతము. ఒకరికొకరు దారి ఇచ్చుకొన్ననే అందరును ఇల్లు చేరుదురు.