కాల్షియము – మాంసకృత్తుల జంటలు

సిరోంచకు ఉత్తరమున, ప్రాణహిత తీరముననున్న కోట గ్రామము పేరు భూగర్భశాస్త్ర గ్రంథములలో ప్రసిద్ధము. అచటి సున్నపురాతి పొరలలో జురాసిక్ యుగపు చేపల శిలాజములు లభించినవి. ఆ కోట శిలలలో దొరకిన రాక్షసబల్లికే 1975లో బారాపాసారస్ టాగోరై అని పేరిడిరి. సున్నపురాతికిని ఎముకకును గట్టిదనము కాల్షియమువలననే కలుగుచున్నది. కావుననే కాల్షియమనగా ఇటుకలనదుకు గచ్చువంటిదని తలచుట మనకలవాటు. జీవకణములో దాని వ్యాపారము వేరు.

కణము వెలుపలి కాల్షియము లోపలిదానికి ఇంచుమించు పదివేల రెట్లు. సంకేతము కలిగినపుడది లోనికి ప్రవేశించును. కొన్ని మాంసకృత్తులు దానిని పట్టుకొనును. ఆ పట్టును క్రెట్సింజరు 1973లో కార్పు చేప కండరమునందలి పార్వాల్బ్యుమిన్‌లో కనిపెట్టెను. మన బొచ్చె, శీలావతి చేపలును కార్పు వర్గములోనివే. చూపుడువ్రేలును బొటనవ్రేలును చాచి, నడిమివ్రేలు ముడిచినట్లుండు ఆ అమరికకు ఇ-ఎఫ్ హస్తమని పేరు. ముడిచిన వ్రేలి చోటనే కాల్షియము నిలుచును.

1965లో మూరు పశువుల మెదడునుండి వేరుచేసిన ఎస్-100 అను మాంసకృత్తుల కుటుంబమున ఒక్కొక్క అణువునకు ఇట్టి హస్తములు రెండు. ఇవి ఒంటరిగానుండుట అరుదు. రెండణువులు కూడి జంటయగును. ఆ జంటకే డైమరని పేరు. వానిని కాల్షియమే అతికించుచున్నదని పలువురు భ్రమపడుదురు. అది సరికాదు. కాల్షియము లేకున్నను ఆ జంట విడిపోదు. ఒక్కొక్క అణువునుండి రెండేసి చొప్పున నాలుగు మెలికల కడ్డీలు, నీటికి ఓర్వని తమ ముఖములను లోనికి దాచుకొని, ఒక కట్టగా ఒదిగియుండును. కాల్షియము చేరినంతనే మూడవ కడ్డీ ప్రక్కకు తిరుగును; మరుగుననున్న ముఖము బయల్పడును; మరియొక మాంసకృత్తు వచ్చి అచట తగుల్కొనును. అనగా కాల్షియము కట్టునది కాదు, తలుపు తెరచునది. కణములను ఒండొంటితో కలుపు క్యాథెరిన్‌ల సంగతి వేరు. కాల్షియము తొలగినచో వాని పట్టే సడలును.

తెల్లరక్తకణములలో విస్తారముగానుండు కాల్‌ప్రొటెక్టిన్ ఒక విజాతి జంట: ఎస్-100-ఎ8, ఎస్-100-ఎ9. కాల్షియము తగిలినపుడు ఇట్టి జంటలు రెండు కలిసి చతుష్కమగును. అపుడది జింకు, మాంగనీసులను గట్టిగా ఒడిసిపట్టి, సూక్ష్మక్రిములకు అవి దక్కకుండ జేయును. ఈ చతుష్కము మాంసకృత్తులను కోయు రసములకు సులభముగా లొంగదు. కావున మలమునందును కొన్ని దినములు చెడక నిలుచును. పేగులో వాపున్నచో తెల్లరక్తకణములు అటకు చేరును, మలములో కాల్‌ప్రొటెక్టిన్ హెచ్చును. దీర్ఘకాలపు విరేచనములతో వచ్చిన రోగికి వైద్యుడు ఆ పరీక్ష వ్రాయుట, గొట్టము దింపి పేగు చూడవలసిన అవసరము కలదో లేదో ముందుగా తెలిసికొనుటకే.