మెత్తగా ఉన్నాయని మళ్ళీ పొయ్యి మీద పెట్టకండి: చాక్లెట్ కుకీల అపోహలు – వాస్తవాలు

తొండేభావిలోని మా ఇంట్లో ఓవెన్ లేదు. మందపాటి అల్యూమినియం దబర ఒకటుంది. అందులో రెండు వేళ్ల మందాన ఇసుక, ఇసుక మీద చిన్న స్టాండు. నా కుకీలన్నీ అందులోనే కాలతాయి. అందుకే "ఓవెన్ లేనిదే కుకీలు రావు" అనే మాటను నేను ఒప్పుకోను. కుకీకి కావలసింది 170 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండే పొడి వేడి. మూతపెట్టి పదిహేను నిమిషాలు ముందే కాగనిచ్చి, తర్వాత సెగ తగ్గిస్తే దబరే ఆ వేడినిస్తుంది. ప్రెషర్ కుక్కర్‌ని మాత్రం ఇలా వట్టిగా కాల్చకండి. నీళ్ళు లేకుండా వేడెక్కితే గాస్కెట్, సేఫ్టీ వాల్వ్ పాడవుతాయి.

ఎక్కువమంది చేతిలో కుకీలు చెడేది ఇంకో అపోహ వల్ల: "నడిమధ్య మెత్తగా ఉందంటే కాలలేదన్నట్టే." పన్నెండో నిమిషంలో మూత తీసి చూడండి. అంచులు బిగుసుకుని ఉంటాయి, నడుమ వేలు పెడితే గుంట పడుతుంది. అయ్యో పచ్చిగా ఉందని ఇంకో ఎనిమిది నిమిషాలు ఉంచారా, చల్లారాక పంటికింద రాయే. వేడిమీద వెన్న కరిగి ఉంటుంది, చక్కెర పాకంలా ఉంటుంది. ఆరేకొద్దీ రెండూ గట్టిపడతాయి. చెనక్కాయల చిక్కీ పళ్ళెంలో పోసినప్పుడు మెత్తగా ఉండి, ఆరాక పటుక్కున విరగడం లేదూ? ఇదీ అంతే. దించి, కదపకుండా పది నిమిషాలు వదిలేయండి. కోకో కలిసిన పిండి మొదటినుంచీ నల్లగానే ఉంటుంది కాబట్టి రంగును నమ్మొద్దు, అంచును నమ్మండి.

"కుకీలు పల్చగా పారిపోయాయంటే మైదా తక్కువైంది" అంటారు. మా వైపు ఏప్రిల్ ఎండల్లో నేనూ అదే అనుకుని ఇంకో గుప్పెడు మైదా కలిపాను. పారలేదు గానీ గట్టి బిళ్లలయ్యాయి. లోపం మైదాది కాదు, వంటింటి వేడికి కలిపేటప్పుడే వెన్న కరిగిపోయింది. ఉండలు చేసి అరగంట ఫ్రిజ్‌లో పెట్టాక కాల్చితే అదే పిండి నిలబడుతుంది. చపాతీ పిండిలా పిసకడం కూడా వద్దు. మైదా తడి తగిలి ఎంత నలిగితే గ్లూటెన్ అంత సాగుతుంది, కుకీ అంత బిరుసెక్కుతుంది.

వంట సోడా, బేకింగ్ పౌడర్ ఒకటి కావు. సోడా పనిచేయాలంటే పుల్లటిదేదైనా తోడుండాలి. మామూలు కోకో పొడికి ఆ గుణం కొంత ఉంది. బేకింగ్ పౌడర్‌లోనైతే ఆమ్లం ముందే కలిపి ఉంటుంది. ఒకదాని బదులు ఇంకొకటి అదే కొలతకు వేస్తే సబ్బు రుచైనా వస్తుంది, లేదా కుకీ పొంగదు.

ఎండాకాలంలో చాక్లెట్ బార్ విప్పగానే తెల్లటి పొర కనిపిస్తే, బూజనుకుని పారేసేవాళ్లను చూశాను. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగి మళ్ళీ గడ్డకట్టేటప్పుడు ఆ కొవ్వే పైకి తేలి తెల్లగా కనిపిస్తుంది. ముక్కవాసన, నూగు లేకపోతే కుకీల్లోకి నిక్షేపంగా వాడుకోవచ్చు. కొనేటప్పుడు చూడాల్సింది వేరే ఉంది: అట్ట వెనక హైడ్రోజనేటెడ్ కొవ్వు అని ఉంటే అది కాంపౌండ్, అసలు చాక్లెట్ కాదు. అసలుది దొరకాలంటే విదేశీ సరుకే కొనాలనుకోనక్కర్లేదు. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఏలూరు, పశ్చిమ గోదావరి కొబ్బరితోటల నీడలో కాస్తుంది.

ఇక నాకు అన్నిటికన్నా పట్టింపు ఉన్నది రాగుల సంగతి. "రాగిపిండితో కుకీ నిలవదు, పొడైపోతుంది" అనేది అపోహ. రాగుల్లో గ్లూటెన్ లేదు నిజమే, కానీ కుకీకి అది పెద్దగా అవసరం లేదు. 65 గ్రాముల మైదా, అంతే రాగిపిండి, 100 గ్రాముల వెన్న, 100 గ్రాముల బెల్లంపొడి, 20 గ్రాముల కోకో, 80 గ్రాముల చాక్లెట్ ముక్కలు, పావు చెంచా సోడా, రెండు చెంచాల పాలు. గుడ్డు అక్కర్లేదు. రాగిపిండిని పచ్చివాసన పోయేదాకా దోరగా వేయించి, ఆరనిచ్చి వేయండి. కలిపాక అరగంట నాననివ్వకపోతే ఇసుకలా తగులుతుంది. సుమారు 20 కుకీలు వస్తాయి.

దీని వెనకాలే ఇంకో అపోహ బయల్దేరింది: రాగి, బెల్లం కాబట్టి చక్కెర జబ్బున్నవాళ్లు ఎన్నైనా తినొచ్చని. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. ఒక్కో కుకీకి 5 గ్రాముల బెల్లం పడుతుంది, చాక్లెట్‌లోని తీపి వేరే. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉందన్నది నిజం. కానీ ఒక కుకీలో ఉండే రాగిపిండి మూడు గ్రాములే, దాంతో వచ్చే కాల్షియం పన్నెండు మిల్లీగ్రాములకు మించదు. ఎముకల కోసమైతే రాగిసంగటి తినండి, గ్లాసుడు పాలు తాగండి.

పక్కింటి అవ్వకు చాన్నాళ్లుగా చక్కెర జబ్బు. "రాగివే కదమ్మా, నాలుగియ్యి" అంటూ కొంగు పట్టింది. "రాగివే అవ్వా, బెల్లం కూడా ఉంది" అని ఒక్కటి విరిచి సగం పెట్టాను.