గాలం తాడు చివర మన పట్టుపురుగు

ఈసారి గూళ్ల ధరలు, మందుల సంగతి పక్కన పెడదాం. పట్టుపురుగు గూడు కట్టకుండానే వందేళ్లకు పైగా చేసిన ఒక పని ఉంది. ఇంగ్లండు నదుల్లో చేపలు పట్టే వాళ్లకు అది లేకపోతే జరిగేది కాదు.

*ఏమిటా గాలం?*

మన చెరువుల్లో గాలానికి ఎరను గుచ్చి, సీసం గుండు కట్టి విసురుతాం. గుండు బరువుకి తాడు పోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో అట్లా కాదు. ఎర అంటే ఈకలు, దారంతో కట్టిన ఉత్తుత్తి ఈగ. దానికి బరువే ఉండదు. అందుకని తాడునే బరువుగా చేస్తారు, ఆ తాడు బరువే ఈగను మోసుకుపోతుంది. పాతకాలంలో ఆ తాడును పట్టుదారాలు అల్లి, నూనె పట్టించి చేసేవాళ్లు.

అయితే లావు తాడు నీళ్ల మీద పడితే ట్రౌట్ చేప బెదిరి పారిపోతుంది. అందుకే తాడుకీ ఈగకీ మధ్య కంటికి సరిగ్గా ఆనని సన్న తీగ ఒకటి కడతారు. దాని పేరు లీడర్. మామూలుగా 9 అడుగులు ఉంటుంది. తాడు వైపు లావుగా మొదలై ఈగ వైపు సన్నబడుతూ పోతుంది.

*ఆ తీగ ఎక్కడిది?*

నైలాన్ రాకముందు ఆ తీగ మన పురుగుదే. స్పెయిన్ దేశంలో ముర్సియా అనే ప్రాంతం ఈ పనికి పేరు. నాలుగు జ్వరాలు దాటి, మేత మానేసి, ఒళ్లు మెరుస్తూ పండిన పురుగును మనం చంద్రికలకు ఎక్కిస్తాం. వాళ్లు సరిగ్గా అప్పుడే దాన్ని వెనిగర్ కలిపిన నీళ్లలో వేసి చంపేవాళ్లు. తర్వాత ఒళ్లు చీల్చి, లోపలి రెండు పట్టు గ్రంథులను బయటికి తీసి, ఒక్కొక్కదాన్ని రెండు చేతులతో సాగదీసి ఆరబెట్టేవాళ్లు. దీన్ని ఇంగ్లీషులో గట్, అంటే పేగు అన్నారు గానీ అది పేగు కాదు, పట్టే.

మంచి బైవోల్టిన్ గూడు నుంచి వెయ్యి మీటర్ల దాకా దారం వస్తుంది. ఇట్లా చేత్తో లాగితే వచ్చేది అడుగు, అడుగున్నర తీగ. అందుకని 9 అడుగుల లీడర్‌కి చాలా ముక్కలు ఏరి, లావువి ముందు, సన్నవి తర్వాత వరుసగా ముడివేసేవాళ్లు.

*అసలు పని ముడిది*

ఎండిన గట్‌ని వంచితే పుటుక్కున విరుగుతుంది. కాబట్టి ముందు నీళ్లలో నానబెట్టి మెత్తబడ్డాకే ముడి వేయాలి. గూళ్లు ఉడకబెట్టందే దారం తీయలేం కదా, అట్లాంటిదే ఇదీ.

లీడర్ లావు కొసకు ఒక ఉచ్చు ఉంచుతారు. పట్టుతాడు కొసను ఉచ్చులోంచి పైకి తెచ్చి, ఉచ్చు రెండు కాళ్ల వెనకగా తిప్పి, తన కిందగానే దూర్చి లాగితే బిగుసుకుంటుంది. జారకుండా తాడు కొసన చిన్న ముడి వేస్తారు. సాయంత్రం విప్పడం కూడా సులువే.

ఈ అతుకు గట్టిగా ఉంటే సరిపోదు. కర్రకున్న ఉంగరాల్లోంచి అడ్డం పడకుండా జారాలి. తాడులో ఉన్న విసురు లీడర్‌లోకి సాఫీగా దిగాలి. తాడు కొస లావులో దాదాపు మూడింట రెండు వంతులు లీడర్ మొదలు ఉండాలంటారు. మరీ సన్నదైతే అతుకు దగ్గర తలుపు బందులా మడిచిపోయి, లీడర్ ఉండచుట్టుకుని నీళ్ల మీద పడుతుంది.

ఇప్పటి తాళ్లకు ప్లాస్టిక్ పూత, లీడర్ నైలాన్. తాడు పక్కన ఒక మేకు ఆనించి, రెంటినీ కలిపి లీడర్‌తో ఐదారు చుట్లు చుడతారు. కొసను చుట్ల కిందుగా వెనక్కి దూర్చి, మేకు లాగేసి, తడి చేసి, మెల్లగా బిగిస్తారు. చుట్లు పూతలోకి దిగి పట్టుకుంటాయి. దీన్ని నెయిల్ నాట్ అంటారు. రెండు కొసలకీ ఉచ్చులుంటే ఒకదాంట్లో ఒకటి వేసి బిగించడం ఇంకా తేలిక.

*నైలాన్ వచ్చాక*

1938లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ నైలాన్‌ని ప్రకటించింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అది గాలాల్లో బాగా వాడుకలోకి వచ్చింది. ఎంత పొడవైనా ఒకే తీగ, నానబెట్టే పని లేదు, కుళ్లదు. ముర్సియా గట్ బేరం పడిపోయింది. వాళ్ల పురుగులో లోపం లేదు, పనితనంలో లోపం లేదు. కొనేవాడికి ఇంకొకటి దొరికింది, అంతే. ఒక్క రకం బేరాన్నే నమ్ముకున్న మనమూ ఆలోచించాల్సిన మాటే ఇది. అట్లాగని పట్టు అంతటా పోలేదు. ఆపరేషన్లలో కుట్లు వేయడానికి అల్లిన పట్టుదారం ఇప్పటికీ వాడుతున్నారు.

గాలం అంగళ్లలో ఇప్పుడూ నైలాన్ తీగ సన్నదనాన్ని 3ఎక్స్, 4ఎక్స్ అని చెబుతారు. గట్‌ని సన్నం చేయడానికి రంధ్రాల రేకులోంచి ఎన్నిసార్లు లాగారన్న పాత లెక్కే అది.

మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఎవరైనా పండిన పురుగు నుంచి ఇట్లా తీగ లాగడం చూసి ఉంటే, వాళ్ల మాటల్లోనే గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టండి.