ఆటోమేటిక్‌ కారు మొరాయిస్తే... విప్పే ముందు వెతకాలి

గేర్‌బాక్స్‌ లోపాలన్నీ లోపలివి కావు
ఆయిల్‌ రంగు, బ్రేకు లైటు, బ్యాటరీ చూశాకే రెంచి పట్టాలి
వరదనీటిలో మునిగిన బండికి స్టార్టింగే శత్రువు

అమలాపురం: ఇంజిన్‌ ఒక్క తిప్పుకే స్టార్టవుతుంది. శబ్దంలో తేడా ఉండదు. గేరు రాడ్డును ‘డి’లోకి లాగి బ్రేకు వదిలితే మాత్రం కారు అంగుళం కదలదు. మామూలు గేర్ల కారయితే నలుగురు కలిసి తోసి స్టార్టు చేసి షెడ్డుకు చేర్చవచ్చు. ఆటోమేటిక్‌ కారుకు ఆ వీలు లేదు. లారీపై ఎక్కించి రాజమహేంద్రవరమో, కాకినాడో పంపాల్సి వస్తుంది. అక్కడ ‘గేర్‌బాక్స్‌ పోయింది, మొత్తం మార్చాలి’ అన్న మాట వినబడితే యజమాని గుండె జారుతుంది. ఖర్చు లక్షల్లోకి వెళుతుంది. నిజానికి ఇలా మొరాయించిన ప్రతి బండిలోనూ గేర్‌బాక్స్‌ చెడిపోయి ఉండదు. తగ్గిన ఆయిల్‌, నీరసించిన బ్యాటరీ, తుప్పు పట్టిన ఒక చిన్న కనెక్టరు కూడా అదే లక్షణాన్ని చూపుతాయి. అందుకే తేలికగా చూడగలిగిన వాటిని ముందు, ఖర్చుతో కూడిన వాటిని చివర చూడటం లోప నిర్ధారణలో తొలి సూత్రం.

కోనసీమలో ఒకప్పుడు ఆటోమేటిక్‌ కారు అరుదైన వస్తువు. 2014లో మారుతి సుజుకి సెలెరియోతో తక్కువ ధరలో ఏఎంటీ రకం వచ్చాక పరిస్థితి మారింది. సంక్రాంతికి హైదరాబాద్‌, బెంగళూరు నుంచి సొంతూళ్లకు వచ్చే కార్లలోనూ క్లచ్‌ లేనివి ఇప్పుడు సామాన్యంగా కనిపిస్తున్నాయి. వీటి తీరుతెన్నులు తెలిసి ఉంటే సగం ఆందోళన తప్పుతుంది.

పేరొకటే... రకాలు నాలుగు

ఆటోమేటిక్‌ అనే ఒక్క మాట వెనుక నాలుగు వేర్వేరు యంత్రాలున్నాయి. ఒకదానికి చేసే పరీక్ష మరొకదానికి పనికిరాదు.

మొదటిది టార్క్‌ కన్వర్టర్‌ రకం. ఇందులో ఇంజిన్‌కు, గేర్లకు మధ్య క్లచ్‌ ప్లేటుకు బదులు ఆయిల్‌ నిండిన గుండ్రటి డబ్బా ఉంటుంది. ఇంజిన్‌ వైపు రెక్కలు చిమ్మిన ఆయిల్‌ ధార గేర్ల వైపు రెక్కలను తిప్పుతుంది. రెండోది సీవీటీ. దీనిలో మెట్లుమెట్లుగా గేర్లుండవు. రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతూ వేగాన్ని సర్దుతుంది. మూడోది రెండు క్లచ్‌ల రకం. ఒక క్లచ్‌ బేసి గేర్లను, రెండోది సరి గేర్లను చూసుకుంటుంది. నాలుగోది ఏఎంటీ. ఇది లోపల మామూలు గేర్‌బాక్సే. డ్రైవరు కాలు, చెయ్యి చేయాల్సిన పనిని చిన్న యంత్రం చేస్తుంది. దీని క్లచ్‌ ప్లేటు మామూలు కారులో మాదిరే అరుగుతుంది.

లోపం కానిదేది?

కొన్ని రకాల సహజ స్వభావాన్ని కొత్త యజమానులు జబ్బుగా పొరబడుతుంటారు. ఏఎంటీ కారు గేరు మారేటప్పుడు క్షణకాలం లాగుడు తగ్గి, తల ముందుకు ఊగినట్లవుతుంది. అది దాని స్వభావం. సీవీటీ కారులో యాక్సిలరేటర్‌ గట్టిగా నొక్కితే ముందు ఇంజిన్‌ గట్టిగా అరుస్తుంది. ఆ తర్వాత వేగం నెమ్మదిగా అందుకుంటుంది. అదీ సహజమే. నిన్నటి వరకు లేనిది ఈ రోజు కనిపిస్తేనే అనుమానించాలి.

అనుమానం కలిగితే షెడ్డుకు వెళ్లేలోగా యజమాని కొన్ని సంగతులు రాసిపెట్టుకోవడం మేలు. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌తో వస్తోందా, పది కిలోమీటర్లు నడిచాక వస్తోందా? ఏ వేగంలో, ఏ గేరులో వస్తోంది? ముందుకు మాత్రమేనా, రివర్సులో కూడానా? ఈ మధ్య ఆయిల్‌ మార్చారా, నీటిలో దిగిందా, బ్యాటరీ మార్చారా? స్కానర్‌ చెప్పలేని సంగతులు కొన్ని ఈ జవాబుల్లో దొరుకుతాయి. వేడెక్కాకే జారుతోందంటే పలచబడిన ఆయిల్‌, అరిగిన సీళ్ల వల్ల లోపల ఒత్తిడి నిలవడం లేదేమోనని చూడాలి. రివర్సు ఒక్కటే పడటం లేదంటే ఆ గేరుకు సంబంధించిన భాగాల దగ్గరే వెతకాలి.

ముందు బయట చూడాలి

గేరు రాడ్డు ‘పి’ నుంచి కదలడం లేదన్నది తరచూ వినిపించే ఫిర్యాదు. అలాంటప్పుడు ఒకరిని వెనుక నిలబెట్టి బ్రేకు తొక్కాలి. బ్రేకు లైట్లు వెలగకపోతే అనుమానం గేర్‌బాక్స్‌పై కాదు, బ్రేకు పెడల్‌ దగ్గరి చిన్న స్విచ్చుపై, దాని ఫ్యూజుపై పడాలి. బ్రేకు తొక్కినట్లు కంప్యూటరుకు తెలియకపోతే అది రాడ్డుకు వేసిన తాళం తీయదు. తక్కువ ఖర్చుతో పోయే లోపమిది.

రెండోది బ్యాటరీ. గేర్లు మార్చే సోలెనాయిడ్‌లు, సెన్సర్లు, కంప్యూటరు అన్నీ కరెంటుపై ఆధారపడినవే. ఓల్టేజి పడిపోతే గేరు దీపాలు ఒకేసారి వెలగడం, ఏఎంటీ కారు న్యూట్రల్‌లోనే ఉండిపోవడం వంటివి కనిపిస్తాయి. మూడోది వైరింగ్‌. అంతర్వేది, ఓడలరేవు వంటి తీర గ్రామాల్లో ఉప్పుగాలికి కనెక్టర్ల పిన్నులు త్వరగా పచ్చబారతాయి. వాటిని ఊడదీసి శుభ్రం చేసి బిగించిన తర్వాతే సెన్సరు మార్చాలో లేదో తేల్చాలి. గేరు వేయగానే ‘దబ్‌’మని కుదుపు వస్తే ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు మౌంటింగ్‌లు చిట్లాయేమో, ఇంజిన్‌ ఐడ్లింగ్‌ ఎక్కువగా ఉందేమో చూడాలి.

రంగు చెప్పే నిజం

ఆటోమేటిక్‌ గేర్‌బాక్స్‌లో ఆయిల్‌ కేవలం కందెన కాదు. టార్క్‌ కన్వర్టర్‌ రకంలో శక్తిని మోసేదీ, క్లచ్‌లను బిగించేదీ, వేడిని బయటికి తెచ్చేదీ అదే. ఈ రకంలో చాలా వాటి కొత్త ఆయిల్‌ ఎర్రగా, తేటగా ఉంటుంది. గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తుంటే లోపలి క్లచ్‌లు కాలుతున్నాయని అర్థం. రాజమండ్రి రోజ్‌మిల్క్‌ మాదిరిగా పాలు కలిసినట్లు కనిపిస్తే నీరు చేరినట్లే. వరదనీరైనా కావచ్చు, రేడియేటర్‌లోని ఆయిల్‌ కూలర్‌ చిల్లుపడి కూలెంట్‌ అయినా కలిసి ఉండవచ్చు. అడుగు పాన్‌లోని అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి పొడి అంటుకుని ఉంటే భయం లేదు. అది సహజమైన అరుగుదల. ఇనుప ముక్కలు కనిపిస్తే మాత్రం లోపల ఏదో విరిగినట్లే.

ఇంటి ముందు రాత్రంతా నిలిపిన కారు కింద అట్టముక్క పరిస్తే కారుతున్నదేమిటో తెల్లారేసరికి తెలుస్తుంది. తేటనీరైతే అది ఏసీది. నల్లటి జిడ్డు సాధారణంగా ఇంజిన్‌ ఆయిల్‌. ఎర్రటి జిడ్డయితే గేర్‌బాక్స్‌ వైపు చూడాలి.

లెవెల్‌ చూడటంలోనూ జాగ్రత్త అవసరం. పాత కార్లలో కొలపుల్ల ఉండేది. కొత్తవాటిలో చాలావాటికి అది లేదు. కారును సమతలంగా పైకెత్తి, ఆయిల్‌ నిర్ణీత వేడికి వచ్చాక పక్కనున్న బోల్టు తీసి చూడాలి. వేడి తగ్గినా పెరిగినా లెవెల్‌ తప్పు చూపిస్తుంది. ఆయిల్‌ రకం అంతకన్నా ముఖ్యం. సీవీటీలో మామూలు ఆటోమేటిక్‌ గేర్‌ ఆయిల్‌ పోస్తే బెల్టు, పుల్లీలు దెబ్బతింటాయి. కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడు తప్ప ‘ఏదైనా ఒకటే’ అన్న మాట నమ్మరాదు. బోల్టు విప్పితే లోపలి ఆయిల్‌ అంతా దిగదని, కొంత కన్వర్టర్‌లోనే నిలిచిపోతుందని కూడా గుర్తుంచుకోవాలి.

రోడ్డుపై పరీక్ష

బ్రేకు తొక్కి ఉంచి ‘ఎన్‌’ నుంచి ‘డి’లోకి మార్చితే టార్క్‌ కన్వర్టర్‌ కారులో ఒకటి, ఒకటిన్నర సెకన్లలో చిన్న కుదుపుతో గేరు పట్టాలి. అంతకన్నా ఆలస్యమైతే ఆయిల్‌ తగ్గడం, ఫిల్టరు మూసుకుపోవడం, ఒత్తిడి పడిపోవడం వంటివి కారణం కావచ్చు. రోడ్డుపై ఇంజిన్‌ ఆర్‌పీఎం పెరుగుతూ వేగం పెరగకపోతే క్లచ్‌లు జారుతున్నట్లే. ఈ స్థితిలో నడిపిన ప్రతి కిలోమీటరూ ఖర్చును పెంచుతుంది.

యాభై, ఎనభై కిలోమీటర్ల వేగం మధ్య యాక్సిలరేటర్‌ను తేలికగా తొక్కినప్పుడు గతుకుల రోడ్డుపై పోతున్నట్లు వణుకు రావడం మరో లక్షణం. ఇది కన్వర్టర్‌లోని లాకప్‌ క్లచ్‌దా, ఇంజిన్‌ మిస్‌ఫైరా అన్నది తేల్చేందుకు మెకానిక్‌లు సులువైన పద్ధతి పాటిస్తారు. రావులపాలెం దగ్గర జాతీయ రహదారి వంటి చోట వెనుక వాహనాలు లేనప్పుడు, వణుకు వస్తుండగా యాక్సిలరేటర్‌ కదపకుండా ఎడమకాలితో బ్రేకును లైటు వెలిగేంత మాత్రమే తాకుతారు. బ్రేకు తాకగానే లాకప్‌ విడిపోతుంది. వణుకు ఆగితే లోపం లాకప్‌లో ఉంది. ఆగకపోతే స్పార్క్‌ ప్లగ్గులు, కాయిల్స్‌ చూడాలి. అలవాటు లేనివారు దీన్ని ప్రయత్నించరాదు.

బ్రేకు గట్టిగా తొక్కి యాక్సిలరేటర్‌ పూర్తిగా ఇచ్చే ‘స్టాల్‌ టెస్ట్‌’ కూడా నిపుణుల పనే. అయిదు సెకన్లు మించితే ఆయిల్‌ మరిగిపోతుంది. ఏఎంటీ, రెండు క్లచ్‌ల రకాలపై ఈ పరీక్ష చేయకూడదు.

జగ్గన్నతోట ప్రభల తీర్థం వంటి రద్దీలో గంటలకొద్దీ అంగుళాలుగా కదిలినప్పుడు, పొడి క్లచ్‌లున్న రెండు క్లచ్‌ల కార్లు వేడెక్కి హెచ్చరిక చూపుతాయి. నీడన ఆపి చల్లారనిస్తే తగ్గిపోయేది లోపం కాదు. చల్లారినా కదలికలో వణుకు పోకపోతే క్లచ్‌ పరీక్షించాలి. కాలువ గట్టు ఎక్కేచోట, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేచోట బ్రేకుకు బదులు యాక్సిలరేటర్‌తో కారును నిలబెట్టే అలవాటు ఏఎంటీ క్లచ్‌ను త్వరగా కాల్చేస్తుంది.

స్కానర్‌ చెప్పేది తీర్పు కాదు

స్టీరింగ్‌ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌కు స్కానర్‌ తగిలిస్తే కంప్యూటరు దాచుకున్న కోడ్‌లు కనిపిస్తాయి. ‘పి0700’ అంటే గేర్‌బాక్స్‌ కంప్యూటరులో ఏదో లోపం నమోదైందని మాత్రమే. అసలు సంగతికి ఇంకా లోపలి కోడ్‌లు చదవాలి. ‘పి0715’ లోపలికి వచ్చే వేగాన్ని కొలిచే సెన్సర్‌ సర్క్యూట్‌ను, ‘పి0730’ గేరు నిష్పత్తి సరిపోకపోవడాన్ని, ‘పి0741’ లాకప్‌ సరిగా పట్టకపోవడాన్ని, ‘పి0218’ మితిమీరిన వేడిని సూచిస్తాయి.

కోడ్‌ ఎక్కడ వెతకాలో చెబుతుందే గాని, ఏది మార్చాలో చెప్పదు. సెన్సర్‌ కోడ్‌ వస్తే సెన్సరే పోయిందనుకోరాదు. దాని వైరు తెగినా, కనెక్టర్‌లో నీరు చేరినా అదే కోడ్‌ వస్తుంది. మల్టీమీటరుతో సోలెనాయిడ్‌ నిరోధాన్ని కొలిచి కంపెనీ పుస్తకంలోని అంకెతో సరిచూశాకే నిర్ణయానికి రావాలి. కోడ్‌లను రాసుకోకుండా చెరిపేయడం పెద్ద పొరపాటు. ఆధారాలు కూడా వాటితోనే పోతాయి. కారు ఒకే గేరులో బిగుసుకుని నెమ్మదిగా మాత్రమే నడుస్తోందంటే, నష్టం పెరగకుండా కంప్యూటరు తనంతట తాను తీసుకున్న జాగ్రత్త అది. మెల్లగా దగ్గరి షెడ్డుకు చేర్చేందుకే ఆ వెసులుబాటు.

వరద వస్తే వేరే లెక్క

గోదావరి పాయల మధ్యనున్న ఈ జిల్లాలో నీటి ముప్పు ప్రత్యేకం. 2022 జులైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వెళ్లినప్పుడు లంక గ్రామాలు జలమయమయ్యాయి. అప్పనపల్లి కాజ్‌వే వంటివి వరద రాగానే మునుగుతాయి. అక్కడ నీటిలో దిగిన కారుకు పైకి కనిపించని ప్రమాదం ఒకటుంది. గేర్‌బాక్స్‌కు గాలి పీల్చే చిన్న గొట్టం ఉంటుంది. వేడిగా ఉన్న గేర్‌బాక్స్‌ చల్లటి నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, ఆ గొట్టం గుండా నీటిని లోపలికి లాగుతుంది. టార్క్‌ కన్వర్టర్‌ రకంలో క్లచ్‌ ప్లేట్లపై కాగితం వంటి పొరను జిగురుతో అంటిస్తారు. నీరు తగిలితే ఆ పొర ఊడివస్తుంది. కారు వారం రోజులు బాగానే నడిచి, ఆ తర్వాత జారడం మొదలుపెట్టేది అందుకే.

మునిగిన కారును స్టార్టు చేయకూడదు. బ్యాటరీ తీగ విప్పి, ఆయిల్‌ రంగు చూశాకే తర్వాతి పని. ఇంజిన్‌ ఆగి ఉంటే గేర్‌బాక్స్‌లోని ఆయిల్‌ పంపు కూడా ఆగి ఉంటుంది. కాబట్టి ఇంజిన్‌ శక్తి అందే చక్రాలను రోడ్డుపై దొర్లిస్తూ తాడుతో లాగితే లోపలి భాగాలు పొడిగా తిరిగి పాడవుతాయి. నాలుగు చక్రాలూ పైకెత్తి లారీపై తరలించడమే క్షేమం.

విప్పమనే ముందు అడగాల్సినవి

* ఏయే కోడ్‌లు వచ్చాయి? కాగితంపై రాసి ఇస్తారా?
* ఆయిల్‌ లెవెల్‌ ఏ పద్ధతిలో చూశారు? రంగు, వాసన ఎలా ఉన్నాయి? పాన్‌లో ఏం దొరికింది?
* బ్యాటరీ ఓల్టేజి, కనెక్టర్లు, బ్రేకు స్విచ్చు పరీక్షించారా?
* యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డుపై నడిపి లోపాన్ని కళ్లారా చూశారా?
* ఆయిల్‌ ఒత్తిడిని గేజితో కొలిచారా?
* మొత్తం మార్చాలంటే ఏ భాగం పోయింది? ఆ భాగం విడిగా దొరకదా?

ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పగలిగిన చోట గేర్‌బాక్స్‌ విప్పమన్నా సందేహించనక్కర్లేదు. జవాబు లేకుండా విప్పుదామంటే మాత్రం బండిని మరో షెడ్డులో చూపించుకోవడమే మంచిది.