నదీముఖంలో మీనజీవనం

ఉప్పల్, నాచారం ప్రాంతాలలో కురిసిన వాన మూసీని చేరుతుంది. మూసీ వాడపల్లి వద్ద కృష్ణలోను, కృష్ణ హంసలదీవి వద్ద సాగరంలోను సంగమిస్తాయి. ఉప్పల్ పేరులో ఉప్పు వినిపించినా, ఆ జలానికి సాగరపు ఉప్పదనం అబ్బేది హంసలదీవి చేరువలోనే! లీటరు సముద్రజలంలో లవణాలు దాదాపు 35 గ్రాములుంటాయి. నదీముఖంలో ఈ పరిమాణం వరదకు తగ్గుతూ, వేసవికి పెరుగుతూ ఉంటుంది.

మంచినీటి చేప దేహంలోకి నీరు నిరంతరం చొరబడుతుంది. దానిని మూత్రపిండాలు వెడలగొట్టాలి. ఉప్పునీటిలో ఇందుకు విపరీతం. దేహంలోని నీరు వెలికిపోతుంది గనుక చేప సముద్రజలాన్నే త్రాగి, అధిక లవణాన్ని మొప్పల ద్వారా విసర్జిస్తుంది. తిన్న ఆహారంలో కొంత ఈ శ్రమకే చెల్లిపోగా, మిగిలినదే పెరుగుదలకు దక్కుతుంది.

ఆహారమూ స్థిరం కాదు. లవణీయత మారితే నీటిలోని సూక్ష్మజీవజాతులు మారుతాయి. బురదపై నాచును మేసే కొయ్యింగకు ఈ మార్పు నేరుగాను, రొయ్యలను చిన్నచేపలను వేటాడే పండుగప్పకు వాటి ద్వారాను తగులుతుంది. వరద తెచ్చే ఒండ్రు ఆ నాచును పోషిస్తుంది.

సముద్రం పాలైన నదీజలం వృథా అన్న మాట తరచు వింటాము. అది సగమే సత్యం. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీకి దిగువన మంచినీరు తగ్గినకొద్దీ ఉప్పునీరు ఎగువకు ఎగబ్రాకుతుంది. తక్కువ ఉప్పులో పెరగవలసిన పిల్లచేపల నెలవు కుంచించుకుపోతుంది.